బాయిలర్ ట్యూబుల మీది బూడిద పొర: ఉష్ణవాహకత కొలత ఎక్కడ తప్పుతుంది?

సూపర్‌హీటర్ (ఆవిరిని ఇంకా వేడెక్కించే భాగం) ట్యూబు మీద 2 మిల్లీమీటర్ల బూడిద పేరుకుందనుకోండి. చదరపు మీటరుకు 50 కిలోవాట్ల వేడి దాన్ని దాటాలి. ఉష్ణవాహకత 0.2 వాట్/మీటర్-కెల్విన్ అయితే పొర పైభాగానికీ అడుగుకీ 500 డిగ్రీల తేడా ఉంటుంది. 1 అయితే 100 డిగ్రీలే. అందుకే ఈ ఒక్క అంకె తప్పితే మిగతా లెక్కంతా తప్పుతుంది.

సమస్య: ల్యాబ్ విలువకూ బాయిలర్ లెక్కకూ పొంతన లేదు

నమూనాను గీకి, పొడి చేసి, బిళ్లగా నొక్కారేమో ముందు అడగండి. నా అనుభవంలో ఎక్కువసార్లు కారణం ఇదే. ఈ పొరలో వేడికి అడ్డుపడేవి ముఖ్యంగా రంధ్రాలు, రేణువుల మధ్య సన్నని అతుకులు. పొడి చేయగానే ఆ రెండూ పోతాయి. ఉదాహరణకు, ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే, కానీ గట్టి సిలికా గాజు విలువ 1.4ను దానికి వాడితే చాలా ఎక్కువ చెప్పినట్టే.

వీలైతే ఫర్నేసులోనే కొలవండి. గాలితో చల్లబరిచే ప్రోబ్‌ను తిప్పుతూ, దాని మీద పొర పేరుకోనివ్వాలి. గాలి మోసుకెళ్లిన వేడి, పొర మందం, లోపలి, బయటి ఉష్ణోగ్రతలు తెలిస్తే విలువ వస్తుంది. అది కుదరకపోతే షట్‌డౌన్‌లో పొర చెదరకుండా ట్యూబు ముక్కతో సహా కోయించండి. ఎపాక్సీ పోసిన ముక్క మైక్రోస్కోపుకే పనికొస్తుంది. రంధ్రాలు నిండిపోతాయి కాబట్టి దాని మీద వాహకత కొలవకండి.

సమస్య: వేడిచేసేటప్పటి కంటే చల్లార్చేటప్పుడు విలువ ఎక్కువ

పరికరం మంచిదే. రేణువులు అతుక్కుని అతుకులు లావెక్కాయి. రెండు వక్రరేఖలనూ విడివిడిగా రాయండి, సగటు తీయకండి.

సమస్య: లేజర్ ఫ్లాష్‌లో సిగ్నల్ మొదట్లోనే ఎగురుతోంది

ఈ పద్ధతిలో ముక్క ఒక ముఖం మీద లేజర్ మెరుపు వేసి, రెండో ముఖం ఎంత త్వరగా వేడెక్కుతుందో చూస్తారు. ఇక్కడ కాంతి రంధ్రాల గుండా నేరుగా అవతలికి పోతోంది. రెండు ముఖాలకూ గ్రాఫైట్ పూయండి, చాలకపోతే దాని కింద బంగారు పూత వేయించండి. విలువ కట్టేటప్పుడు రంధ్రాలతో కలిపిన సాంద్రతనే వాడండి.

సమస్య: పలకల మధ్య పెట్టి కొలిస్తే మరీ తక్కువ

గరుకు ముఖానికీ పలకకూ మధ్య గాలి సందు ఉంది. రెండు మూడు మందాల ముక్కల ఉష్ణ నిరోధాన్ని (ఉష్ణోగ్రత తేడా ÷ చదరపు మీటరుకు దాటే వేడి) మందానికి ఎదురుగా గ్రాఫు గీయండి. రేఖ వాలు తలకిందులు చేస్తే వాహకత వస్తుంది, సందు ప్రభావం అడ్డఖండంలో (రేఖ నిలువు అక్షాన్ని తాకే చోట) మిగిలిపోతుంది.

సమస్య: పొర బయటి ఉష్ణోగ్రత నమ్మశక్యంగా లేదు

పైరోమీటర్ (వెలువడే కిరణాలను బట్టి దూరం నుంచి ఉష్ణోగ్రత చెప్పే పరికరం) మంటనూ, గోడల ప్రతిఫలనాన్నీ కలిపి చూస్తోంది. మంట వాయువులు అంతగా అడ్డుపడని 3.9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఎంచుకోండి. ఎమిసివిటీని (ఉపరితలం వేడి కిరణాలను ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పే అంకెను) అదే బూడిద మీద, అదే ఉష్ణోగ్రత దగ్గర సరిచూడండి.