విద్యుత్ పంపిణీ చట్టం, స్వయంబోధిని – నాలుగో పాఠం: సరఫరా నిలిపివేత నోటీసును పరీక్షించడం

బరంపురం కేంద్రంగా గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ సహా ఎనిమిది దక్షిణ జిల్లాలకు కరెంటు పంపిణీ చేసే బాధ్యత 2021 జనవరి 1న సౌత్‌కో అనే పంపిణీ సంస్థ నుంచి టాటా పవర్ సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ లిమిటెడ్‌కు మారిందని గత పాఠంలో చూశాము. లైసెన్సుదారు మారినా, బకాయి ఉన్న ఇంటికి సరఫరా ఎప్పుడు నిలపవచ్చునో చెప్పేది 2003 నాటి విద్యుత్ చట్టంలోని 56వ సెక్షనే. ఈ పాఠమంతా ఆ ఒక్క సెక్షను గురించే.

నోటీసు చేతికి రాగానే అందులోని నాలుగు వివరాలు వేరే కాగితం మీద రాసుకోవాలి: అందిన తేదీ, అడిగిన మొత్తం, అది ఏ కాలానికి సంబంధించినది, ఏ సెక్షను కింద ఇచ్చారు. నోటీసు ఒడియాలో ఉండి, ఇంట్లో ఆ లిపి చదివేవారు లేకపోయినా ఇవి దొరుకుతాయి. ఒడియా అంకెలు పదీ నేర్చుకోవడం ఒక పూట పని.

మొదట గడువు చూడాలి. కనీసం 15 పూర్తి రోజుల వ్యవధితో, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చిన తరువాతే సరఫరా నిలపాలని చట్టం చెబుతుంది. నోటీసు అందిన రోజునూ, సరఫరా నిలిపే రోజునూ ఈ లెక్కలో కలపరు. మార్చి 3న అందితే 4 నుంచి 18 వరకు పదిహేను రోజులు. 19కి ముందు తీగ ముట్టరాదు. లైన్‌మన్ గుమ్మంలో నిలబడి రేపటిలోగా కట్టమని చెప్పిపోవడం, ఎంత గట్టిగా చెప్పినా, ఈ సెక్షను కోరే నోటీసు కాదు.

తరువాతి అంశం చాలామందికి తెలియనిది, నా దృష్టిలో ఈ సెక్షను మొత్తంలో అతి విలువైనది. బిల్లు మీద వివాదం ఉన్నప్పుడు, అడిగిన మొత్తం, గత ఆరు నెలల్లో చెల్లించిన ఛార్జీల సగటును బట్టి నెలనెలకూ లెక్కగట్టిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని అభ్యంతరం తెలుపుతూ జమ చేసినవారికి ఆ వివాదం తేలేవరకు సరఫరా నిలపకూడదు. పర్లాకిమిడిలో ఒక ఇంటికి వరుసగా 720, 810, 690, 760, 840, 780 రూపాయల బిల్లులు వచ్చాయనీ, అన్నీ కట్టారనీ, ఏడో నెలలో రీడింగు తప్పు పడి 18,600 వచ్చిందనీ అనుకుందాం. ఆరు నెలల మొత్తం 4,600, సగటు సుమారు 767. ఆ నెలకు 767 రూపాయలు జమ చేసి, అభ్యంతరంతో కడుతున్నట్టు లేఖ ఇచ్చి, దాని నకలు మీద కార్యాలయ ముద్ర వేయించుకోవాలి. తరువాత 42వ సెక్షను కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు దరఖాస్తు చేయాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మూడోది పాత బకాయి. మొదట చెల్లించవలసి వచ్చిన తేదీ నుంచి రెండేళ్ళు దాటిన మొత్తాన్ని, ఆ మధ్య బిల్లులన్నిటిలోనూ ఎడతెగకుండా బకాయిగా చూపిస్తే తప్ప, వసూలు చేయకూడదు, దాని కోసం సరఫరా నిలపనూ కూడదు. అయితే ఈ రెండేళ్ళు కరెంటు వాడిన నాటి నుంచి మొదలవుతాయనుకుంటే పొరపాటు. బిల్లు ఇచ్చాకే చెల్లించే బాధ్యత ఏర్పడుతుందని రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. అందువల్ల డిస్కం (పంపిణీ సంస్థ) తన పొరపాటును ఆలస్యంగా కనిపెట్టి అదనపు బిల్లు పంపవచ్చు. కానీ ఆ గడువు దాటిన అదనపు మొత్తం కోసం సరఫరా నిలిపే అధికారం దానికి లేదని అదే తీర్పు చెప్పింది.

నోటీసులో 126వ సెక్షను అని కనిపిస్తే దారి వేరు. అది అనధికార వినియోగంపై అంచనా. తుది ఉత్తర్వుపై 30 రోజుల్లో, సగం మొత్తం జమ చేసి అప్పీలు చేసుకోవాలి. వచ్చే పాఠం దాని గురించే.

అభ్యాసం: గుణుపురంలోని ఒక దుకాణానికి జూన్ 10వ తేదీతో ఉన్న నోటీసు 14న అందింది, 28న సరఫరా నిలుపుతామని అందులో ఉంది. అడిగిన 5,200 రూపాయలకు 2021 ఏప్రిల్‌లో బిల్లు ఇచ్చారు, తరువాత మూడేళ్ళపాటు ఏ బిల్లులోనూ ఆ మొత్తం లేదు. ఈ నోటీసుపై లేవనెత్తగల అభ్యంతరాలను, తేదీల లెక్కతో సహా, డిస్కంకు లేఖగా రాయండి.