కార్బొరేటర్ కడిగిన వారానికే మళ్ళీ మిస్సింగ్: పాత కరిజ్మాలో ముందు చూడాల్సినవి

గోదావరి జిల్లాల్లో వానలు పడ్డాయంటే పాత హీరో హోండా కరిజ్మా ఉన్నవాళ్ళందరిదీ ఒకటే గోడు. "మొన్ననే కార్బొరేటర్ కడిగించానండీ, వారం బాగానే ఉంది, మళ్ళీ మిస్సింగ్ వచ్చేసింది. కార్బొరేటరే మార్చేయమంటున్నారు." మార్చకండి. ముందు ఒక్క సంగతి చెప్పండి. విప్పేముందు బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, అందులోంచి వచ్చింది గాజు సీసాలోకి పట్టి చూశారా? దాదాపు అందరూ చూడలేదనే అంటారు. రెండు నిమిషాల పని, ఒక్క స్క్రూడ్రైవర్ చాలు. అది వదిలేసి కార్బొరేటర్ మొత్తం విప్పించి, మూడోసారి నాలుగోసారి కూలి ఇచ్చుకుంటున్నారు.

ఇక్కడ రాసేది కార్బొరేటర్ ఉన్న 223 సీసీ కరిజ్మా గురించి, అంటే 2003లో వచ్చిన బండి గురించి. 2009లో వచ్చిన కరిజ్మా జెడ్‌ఎంఆర్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి ఇందులో సగం దానికి వర్తించదు. సీబీజెడ్, యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లకి డయాఫ్రమ్ భాగం తప్ప మిగతాది చాలావరకు పనికొస్తుంది.

సీసాలోకి పట్టింది ఒక పావుగంట కదపకుండా ఉంచండి. పైనుంచి కింద దాకా ఒకే రంగులో ఉంటే బౌల్లోకి వస్తున్న పెట్రోల్ బాగానే ఉంది, తప్పు వేరేచోట వెతకాలి. అడుగున విడిగా ఒక పొర కట్టినా, గుండ్రటి చుక్కలు ముత్యాల్లా దొర్లుతున్నా అవి నీళ్ళు. ఎర్రటి పొడి దిగితే ట్యాంకు లోపల తుప్పు. తెల్లగా, జిగురుగా సున్నం లాంటిది వస్తే నీళ్ళు చాలా రోజులుగా అక్కడే నిలిచి బౌల్ లోహాన్నే తింటున్నాయని అర్థం. స్క్రూ వదులు చేసినా ధార రాకుండా చుక్కలుగా పడుతుంటే పెట్రోల్ ట్యాప్‌లో జాలీ మూసుకుపోయి ఉండాలి, లేదా ట్యాంకు మూతకి గాలి ఆడడం లేదు. మూత తెరిచినప్పుడు ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే రెండోదే. మూతలోని గాలి కన్నం శుభ్రం చేస్తే సరిపోతుంది.

చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది

పైలట్ జెట్. ఆక్సిలరేటర్ తిప్పకుండా బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే సన్నటి కన్నమున్న ఇత్తడి ముక్క, మన మెకానిక్కులు చిన్న జెట్ అనేది ఇదే. నెల రోజులు బండి కదపకుండా ఉంచితే బౌల్లో పెట్రోల్ ఆవిరైపోయి, మిగిలిన జిగురు ముందు ఈ కన్నాన్నే మూసేస్తుంది. వెలుగుకి పెట్టి చూస్తే ఏదో కొంచెం కాంతి కనిపించగానే "క్లియర్‌గానే ఉంది" అనేస్తారు. సగం మూసుకున్న జెట్లోంచి కూడా కాంతి కనిపిస్తుంది. కన్నం అంచు చుట్టూ గుండ్రంగా, ఇత్తడి మెరుస్తూ కనిపించాలి.

ఇనుప తీగ, సూది, పిన్నీసు ఏదీ దూర్చకండి. ఇత్తడి మెత్తన, కన్నం ఒకసారి పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. మన దగ్గర గాలం వేసే నైలాన్ తీగ ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. అందులో బాగా సన్నది తెచ్చుకుని కార్బొరేటర్ క్లీనర్‌లో నానిన జెట్లోకి పంపండి. జెట్ ఒక్కటే కడిగితే పని అయిపోదు. బటర్‌ఫ్లై (ఆక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే రేకు) దగ్గర కార్బొరేటర్ గొట్టం గోడలో చిన్న చిన్న కన్నాలుంటాయి. పైలట్ స్క్రూని (స్లోలో పెట్రోల్ పాళ్ళు సరిచేసేది) చుట్లు లెక్కపెట్టుకుని తీసేసి, ఆ రంధ్రంలోంచి క్లీనర్ కొడితే ఆ కన్నాలన్నిట్లోంచీ చిమ్మాలి. ఒక్కదాంట్లోంచి రాకపోయినా పైలట్ దారి ఇంకా మూసుకునే ఉన్నట్టు. కంటికి రక్షణ లేకుండా ఈ పని చేయవద్దు, ఆ చిమ్మేది నేరుగా ముఖం మీదికే వస్తుంది.

రేసింగ్ ఇచ్చి వదిలితే స్లో వెంటనే దిగదు

కార్బొరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు పగిలి గాలి పీలుస్తోంది. బండి స్లోలో ఉండగా ఆ రబ్బరు చుట్టూ సబ్బు నీళ్ళు చిమ్మండి. ఇంజిన్ శబ్దం మారితే అదే చోటు. రబ్బరు మార్చండి, క్లాంపు బిగించండి. ఎంసీల్ పూసి నెట్టుకురావద్దు.

సగం దాకా లాగుతుంది, ఆపైన ఊపిరి ఆడనట్టు అయిపోతుంది

కరిజ్మాది సీవీ కార్బొరేటర్. మీరు ఆక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునేది బటర్‌ఫ్లై మాత్రమే. స్లైడ్‌ని (గాలి దారిలో పైకీ కిందికీ కదిలే ముక్క) పైకి లేపేది ఇంజిన్ పీల్చే గాలి. ఆ పీల్పుని పట్టుకునేది పైనున్న పల్చటి రబ్బరు డయాఫ్రమ్. అది సూదిమొనంత చిరిగినా స్లైడ్ పూర్తిగా లేవదు. తీసి వెలుగుకి పట్టి, మెల్లగా సాగదీస్తూ మడత మడతా చూడండి. చిరుగు ఎక్కువగా మడత లోపలే దాక్కుంటుంది.

క్లీనర్ కొట్టేముందు డయాఫ్రమ్ తీసి పక్కన పెట్టండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా వినరు. క్లీనర్ తగిలిందంటే ఆ రబ్బరు ఉబ్బి, గాడిలో కూర్చోదు. ఉబ్బిన దాన్ని బలవంతంగా మూత పెట్టి బిగిస్తే అంచు నలిగి చిరుగుతుంది. పొరపాటున తగిలితే నీడలో ఒక పూట ఆరబెట్టండి, చాలావరకు మళ్ళీ కుదురుకుంటుంది.

పెట్రోల్ కారుతోంది

అందరూ ఫ్లోట్ నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్ రాకుండా ఆపే సూది) అనేస్తారు. చాలాసార్లు నిజమే. నీడిల్ రబ్బరు మొన చుట్టూ గీత పడితే మార్చేయడమే. కానీ ముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి కాసేపు చూడండి. కారడం ఆగితే తప్పు కార్బొరేటర్‌లోనే. ట్యాప్ కట్టినా కారుతుంటే దానికీ కార్బొరేటర్‌కీ సంబంధం లేదు, ఆ సంగతి కింద వస్తుంది. కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అయిన బండికి స్టార్ట్ చేసేముందు ఇంజిన్ ఆయిల్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా ఆయిల్ మార్చకుండా సెల్ఫ్ నొక్కకండి. పల్చబడ్డ ఆయిల్‌తో నడిపితే ఇంజిన్ పనికే ఎసరు.

కడిగిన ప్రతిసారీ బాగవుతుంది, వానకో వాటర్ వాష్‌కో మళ్ళీ మొదలు

డబ్బు, ఓపిక రెండూ తినేసేది ఇదే. గుర్తులు ఇలా ఉంటాయి. పొద్దున్న స్టార్ట్ అవుతుంది, బాగానే నడుస్తుంది. గతుకుల రోడ్డు మీద, బ్రేక్ గట్టిగా వేసినప్పుడు, వంతెన ఎక్కేటప్పుడు టక్కున మిస్ అవుతుంది. రిజర్వ్‌కి తిప్పగానే ఇంకా ఘోరం. కార్బొరేటర్ కడిగితే బాగైపోతుంది. నాలుగు రోజులు ఎండ కాస్తే అసలు సమస్యే లేదనిపిస్తుంది. వాన పడగానే మళ్ళీ అదే.

నీళ్ళు ట్యాంకులోకి దిగుతున్నాయి. బంకు వాళ్ళని తిట్టుకుంటారు గానీ, అదే బంకులో కొట్టించుకున్న పక్కింటి బండి బాగానే తిరుగుతుంటే తప్పు బంకుది కాదు, మీ ట్యాంకు మూతది.

కరిజ్మాకి ట్యాంకు మూత పైకి ఉబ్బి ఉండదు, ట్యాంకుతో సమంగా లోపలికి కూర్చుని ఉంటుంది. అందానికి బాగుంటుంది కానీ వాన నీళ్ళు మూత చుట్టూ గాడిలో చేరతాయి. అవి బయటికి పోవడానికి గాడిలో ఒక చిన్న కన్నం ఉంటుంది. అక్కణ్ణుంచి ట్యాంకు లోపలిగుండా సన్నటి గొట్టం అడుగుకి వస్తుంది, దాని మొనకి తగిలించిన రబ్బరు పైపు నీళ్ళని నేల మీద వదిలేస్తుంది. ఆ కన్నం మూసుకుపోతే నీళ్ళు గాడిలో నిలుస్తాయి. మూత కింది రబ్బరు ఇరవై ఏళ్ళది, గట్టిపడి ఉంటుంది. ఇక నీళ్ళు చుక్క చుక్క లోపలికి దిగడానికి ఒక రాత్రి వాన చాలు.

దేనితో మూసుకుంటుంది? దుమ్ము, పాలిష్ మైనం సరే. మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల పక్కనుంచి రోజూ తిరిగే బండ్లలో ఊక దుమ్ము. దసరాకి బండి పూజ చేసి ట్యాంకు మీద పెట్టిన పసుపు, కుంకుమ, పూల రేకులు మర్నాటి వాష్‌లో నేరుగా ఆ కన్నంలోకే వెళ్ళి ముద్దకట్టి ఎండిపోతాయి. పూజ చేసుకోండి, బొట్టు హెడ్‌లైట్ మీద పెట్టండి. కింది పైపు మొనలో కందిరీగలు మట్టిగూడు కట్టడం కూడా మామూలే. ఇంకోటి, ట్యాంకు దించిన ప్రతిసారీ ఆ రబ్బరు పైపు మళ్ళీ తగిలించారా, లేక ట్యాంకు కింద నలిగిందా అన్నది ఎవరూ చూడరు.

పరీక్ష చాలా తేలిక. మూత తెరిచి, పెట్రోల్ పోసే నోటిలో గుడ్డ గట్టిగా కుక్కండి. సిరంజితో ఆ చిన్న కన్నంలోకి కాసిని నీళ్ళు వదలండి. బండి కింద వెంటనే చుక్కలు పడాలి. పడకపోతే మూసుకుంది. కింది పైపు ఊడదీసి విడిగా శుభ్రం చేయండి, పైనుంచి గాలపు తీగ మెల్లగా దింపండి, కిందనుంచి సైకిల్ పంపుతో గాలి కొట్టండి. కంప్రెసర్ పెట్టి పైనుంచి బలంగా కొట్టొద్దు. లోపలి గొట్టం తుప్పు పట్టి ఉంటే దానికి చిల్లు పడుతుంది.

ఆ చిల్లు ముందే పడి ఉండవచ్చు కూడా. అప్పుడు కన్నం ఎంత శుభ్రంగా ఉన్నా, దిగే నీళ్ళు దారిలోనే ట్యాంకులోకి జారతాయి. దానికో గుర్తుంది. ట్యాంకు ఫుల్ చేయించిన రోజున బండి కింద పెట్రోల్ చుక్కలు పడతాయి, ట్యాప్ కట్టినా ఆగవు, పెట్రోల్ మట్టం చిల్లు కిందికి దిగాక వాటంతటవే ఆగిపోతాయి. దీన్ని కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో అనుకుని ఫ్లోట్ నీడిల్ మీద నీడిల్ మార్చేవాళ్ళని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గొట్టానికి చిల్లు పడితే ట్యాంకు మార్చడం మేలు. పెట్రోల్ ట్యాంకుకి వెల్డింగ్ అనేది ప్రాణాలతో చెలగాటం, మామూలు షెడ్డులో చేయించకండి.

ఇప్పుడు ఇది ఎక్కువ కావడానికి పెట్రోల్ కూడా కారణమే. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అమ్మకం 2023లో మొదలైంది. ఇథనాల్ నీళ్ళని తనలోకి పీల్చుకుంటుంది. కొంత హద్దు దాకా కలిసే ఉంటుంది, మీకు ఏమీ తెలియదు. హద్దు దాటాక ఇథనాల్, నీళ్ళు రెండూ కలిసే పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి చేరతాయి. అంటే దిగిన నీళ్ళకంటే అడుగున చేరే పొర మందంగా ఉంటుంది. రాత్రి చల్లబడ్డప్పుడు ఈ విడిపోవడం ఇంకా తొందరగా జరుగుతుంది. బండి ఊపితే మళ్ళీ కలుస్తుందనుకోకండి. ట్యాప్‌లో మామూలు గొట్టం కాస్త ఎత్తున ఉంటుంది, రిజర్వ్ దారి అడుగున ఉంటుంది. రిజర్వ్‌కి తిప్పగానే మొండికేయడం అందుకే.

కాబట్టి కార్బొరేటర్ ఒక్కటే కడిగితే లాభం లేదు. ట్యాంకు దించి పూర్తిగా ఖాళీ చేయండి, ట్యాప్ విప్పి దాని జాలీ కడగండి, కొంచెం మంచి పెట్రోల్ పోసి గిలకొట్టి పారబోసి ఎండలో ఆరబెట్టండి, మూత రబ్బరు కొత్తది వేయండి. తీసిన పెట్రోల్ కాలువలో మాత్రం పోయకండి. ఆ కాలువ నీళ్ళే మన మంచినీళ్ళ చెరువులకీ చేపల చెరువులకీ వెళ్ళేవి. వానలో సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) కోసం నిలబెట్టేటప్పుడైనా, ఇంటి ముందు వదిలేసేటప్పుడైనా ట్యాంకు మీద ఒక ప్లాస్టిక్ కవర్ కప్పండి.

తిరిగి బిగించేటప్పుడు

పైలట్ స్క్రూ తీసేముందు, లోపలికి ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో లెక్కపెట్టి రాసుకోండి. ఆగిన చోట బలంగా నొక్కితే మొన వంగుతుంది. స్క్రూ వెనక స్ప్రింగు, చిన్న వాషరు, ఓరింగు (సన్నటి రబ్బరు రింగు) ఆ వరసలోనే ఉండాలి. ఓరింగు చాలాసార్లు కన్నంలోనే అంటుకుపోతుంది, గాలి కొట్టగానే ఎగిరిపోతుంది. అది లేకుండా బిగిస్తే ఎంత తిప్పినా స్లో నిలబడదు. ఈ కార్బొరేటర్‌లో స్క్రూ ఇంజిన్ వైపు ఉంటుంది కాబట్టి బయటికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఆర్‌ఎక్స్ 100కి ఎయిర్ స్క్రూ, అక్కడ బయటికి తిప్పితే పెట్రోల్ తగ్గుతుంది. రెండూ ఒకటే అనుకుని తిప్పేవాళ్ళ వల్ల బాగున్న బండి కూడా చెడిపోతుంది.

రిపేర్ కిట్ కొంటే అందులోని రబ్బర్లు, ఓరింగులు, నీడిల్ వాడండి. ఊరూ పేరూ లేని కిట్‌లోని జెట్లు మాత్రం పక్కన పడేయండి. వాటి కన్నాల కొలత మీద నమ్మకం పెట్టుకోలేం, కడిగిన పాత ఇత్తడి జెట్లే మేలు. ఫ్లోట్ ఎత్తు చూసేటప్పుడు కార్బొరేటర్‌ని పక్కకి వంచి, ఫ్లోట్ నాలుక నీడిల్ స్ప్రింగుని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు కొలవండి. తలకిందులుగా పెట్టి కొలిస్తే ఫ్లోట్ బరువుకి స్ప్రింగు నొక్కుకుని లెక్క తప్పుతుంది. డయాఫ్రమ్ చెవి దాని గాడిలోనే పడాలి. మూత బిగించాక వేలితో స్లైడ్ పైకి లేపి వదిలితే టప్పున పడకూడదు, ఆగి ఆగి దిగాలి.

ట్యూనింగ్ చేసేది ఇంజిన్ బాగా వేడెక్కాకే, అదీ శుభ్రమైన ఎయిర్ ఫిల్టర్ పెట్టిన తరవాతే.

స్లైడ్‌కి ఉండే జెట్ నీడిల్ అరగడం, కార్బొరేటర్ బాడీ వంకర పోవడం, బటర్‌ఫ్లై కమ్మీ లూజు కావడం లాంటివి ఎప్పుడో గానీ రావు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి. అన్నీ సరిగ్గా ఉండి కూడా వానలో మాత్రమే మిస్ అవుతుంటే, సీసాలో నీళ్ళు కనిపించకపోతే, ప్లగ్ క్యాప్ ఊడదీసి లోపల తడి ఉందేమో చూసి కొత్తది వేయండి.