స్కైడైవింగ్‌కి స్టిల్ కెమెరా: కొనేముందు జాగ్రత్తలు

స్కైడైవింగ్‌లో కెమెరాని హెల్మెట్‌కే బిగిస్తారు. అందుకే బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపులకి వెళ్తే హెల్మెట్ కూడా పట్టుకెళ్లండి. కెమెరా దానిమీద పెట్టి బరువు చూసుకోండి. షాపువాళ్లు వింతగా చూస్తే చూడనీ. పారాచూట్ తెరుచుకున్నప్పటి కుదుపుకి ఆ బరువంతా మెడ మీదే పడుతుంది. మెగాపిక్సెల్స్ సంగతి తర్వాత.

రిమోట్ షట్టర్ సాకెట్ లేని కెమెరా బాడీ వద్దు. గాల్లో చేతులు ఖాళీగా ఉండవు, పంటితో నొక్కే స్విచ్ తగిలించేది అక్కడే.

తేలికపాటి వైడ్ లెన్స్ చాలు. ఫోకస్ రింగ్ కదలకుండా టేపు వేయాలి. గంటకు దాదాపు 190 కిలోమీటర్ల గాలికి తల వణుకుతుంది, షట్టర్ వేగం కనీసం 1/500 సెకను ఉంచండి.

హెల్మెట్‌కి బిగించిన కెమెరాకి పారాచూట్ తాళ్లు చిక్కుకునే అంచులు ఉండకూడదు. చిక్కుకుంటే హెల్మెట్ ఒక్క లాగుడుతో ఊడిరావాలి.

200 జంపులు పూర్తికాలేదా? అయితే డబ్బులు జంపులకే పెట్టండి. కెమెరాతో దూకాలంటే కనీసం 200 జంపులు అయ్యుండాలన్నదే అమెరికా పారాచూట్ సంఘం సిఫారసు కూడా.