బెంగళూరు పోర్షా, నెల్లూరు నంబరు: హైపోతికేషన్ చిక్కు నాకెలా తీరిందంటే

బెంగళూరులో ఒకాయన దగ్గర పోర్షా 718 బాక్‌స్టర్ బేరం కుదిరింది. దాన్ని నా పేరు మీదికి, నెల్లూరు నంబరుకు మార్చుకోవాలి. పెద్దగా తిరగని బండి. లోను ఎప్పుడో తీరిపోయిందన్నారు, కానీ వాహన్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ పోర్టల్‌లో) చూస్తే బ్యాంకు పేరు అలాగే ఉంది. అదే హైపోతికేషన్, అంటే లోనుకు బండి తాకట్టు ఉన్నట్టు నమోదు. బ్యాంకు ఒప్పుకోకుండా, బండిని ఏపీకి మార్చుకోడానికి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రాదు. లోన్ స్టేట్‌మెంటు, క్లోజర్ మెయిల్, ఏజెంటు హామీ... ఏవీ పనికిరాలేదు.

పని జరిగింది ఫారం 35తో, అంటే హైపోతికేషన్ తీసేయమనే దరఖాస్తుతో. దానిమీద బ్యాంకు సంతకం, సీలు వేయించి, లోను తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ జతచేసి, బండి రిజిస్టరైన ఆర్టీఓలో అమ్మేవారే పెట్టాలి. నేను అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి, వాహన్‌లో బ్యాంకు పేరు పోయాకే మిగతాది అన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ, అంత డబ్బు నోటిమాట మీద పంపలేం కదా.

ఆ తర్వాతే ఫారం 28, అంటే ఆర్టీఓ ఎన్ఓసీకి దరఖాస్తు. దానికి చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి. అంకెల మీద పల్చటి కాగితం అదిమి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దితే ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాను. ఆ ఎన్ఓసీ వచ్చాక బండి పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పుడు మిగతా డబ్బు ఆర్టీజీఎస్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు బదిలీ).

నెల్లూరులో లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, బేరంలోనే లెక్కేసుకోండి. (మన స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగు తగలడం వేరే కథ.)

ఇది వ్యక్తి పేరు మీదున్న లోను బండి సంగతి. కంపెనీ పేరు మీదున్నవాటికి ఇదే వరుస సరిపోతుందని నేను చెప్పలేను.