జంప్‌సీట్‌ను నమ్ముకుని ఇల్లు దూరంగా తీసుకోవద్దు

పోయిన సెలవుల్లో కావలి వచ్చినప్పుడు సింగరాయకొండ నుంచి ఒక కుర్రాడు వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అమెరికాలో జెట్ విమానాలు అద్దెకు తిప్పే ఒక చార్టర్ కంపెనీలో కో-పైలట్‌గా చేరబోతున్నాడు. కాఫీ గ్లాసు చేతికి రాకముందే మొదలుపెట్టాడు. "అన్నా, ఉద్యోగం టెక్సాస్‌లో. మా అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. నేనూ అక్కడే ఉండి జంప్‌సీట్ మీద, అదే కాక్‌పిట్‌లో ఖాళీగా ఉండే సీట్లో కూర్చుని వచ్చిపోతా. పైలట్లకు ఫ్రీ అంట గదా?"

నేను నోరు తెరిచేలోపే వాళ్ల నాన్న అందుకున్నాడు. ఆయన కందుకూరు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "మా డిపో వాడు హైవే మీద చెయ్యెత్తితే ఆపుతాంరా. ఒంగోలు డిపో వాడైనా ఆపుతాం. రేపు మాకు వాడి బస్సు కావాల. ట్రావెల్స్ బండి డ్రైవరు చెయ్యెత్తితే? మంచోడే కావచ్చు. రేపు వాడు మనల్ని ఎక్కించుకోగలడా? బండి ఓనరుది గదా!"

కాక్‌పిట్ ఎప్పుడూ చూడని మనిషి అసలు సంగతి అంతా చెప్పేశాడు. నేను చెప్పేది దానికి వివరం మాత్రమే. మన జిల్లాల నుంచి కొత్తగా ఈ ఉద్యోగాల్లోకి వచ్చేవాళ్లంతా ఇదే అడుగుతున్నారు కాబట్టి రాసి పెడుతున్నా.

జంప్‌సీట్ అంటే కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనక మడిచి ఉండే మూడో సీటు. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ల కోసం పెట్టింది. ఖాళీగా ఉంటే వేరే ఎయిర్‌లైన్ పైలట్‌ను కూర్చోబెట్టుకోవడం అమెరికాలో పాత ఆనవాయితీ. కంపెనీలు ఒకదానితో ఒకటి ఒప్పందం చేసుకుంటాయి: మావాళ్లకు నువ్వివ్వు, మీవాళ్లకు నేనిస్తా. మన చేబదులు లాంటిదే. తిరిగి ఇవ్వగలిగినవాడికే పుడుతుంది.

ప్రైవేట్ జెట్ వాళ్ల దగ్గర తిరిగివ్వడానికి ఏముంది? చిన్న జెట్‌లలో కాక్‌పిట్‌లో మూడో సీటే ఉండదు. గల్ఫ్‌స్ట్రీమ్ లాంటి పెద్దవాటిలో ఉన్నా విమానం ఓనరుది, లేదా గంటల లెక్కన డబ్బు కట్టినవాడిది. తన కుటుంబంతో పోయేటప్పుడు ముక్కూమొహం తెలియని పైలట్ వచ్చి ఎక్కుతానంటే ఆయన ఒప్పుకోడు. ఇన్సూరెన్స్ గొడవ సరేసరి. పైగా ఆ జెట్ రేపు ఎక్కడికి పోతుందో ఒక్కోసారి పైలట్‌కే రాత్రిదాకా తెలియదు. టైంటేబుల్ లేని బండిని నమ్ముకుని ఎయిర్‌లైన్ పైలట్ మాత్రం ఏం చేసుకుంటాడు?

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. అమెరికా విమానయాన నిబంధనల్లో ఎయిర్‌లైన్లు పార్ట్ 121 కింద నడుస్తాయి, చార్టర్లు పార్ట్ 135 కింద, ఓనరు సొంతానికి తిప్పుకునేవి పార్ట్ 91 కింద. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపు బయటి కంపెనీల పైలట్లకు మూసేశారు. కొన్నేళ్లకు కాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక మళ్లీ తెరిచారు. పూర్తి పేరు కాక్‌పిట్ యాక్సెస్ సెక్యూరిటీ సిస్టమ్. గేటు దగ్గర ఏజెంట్ మీ కంపెనీ, మీ ఎంప్లాయీ నంబరు కొడితే మీ ఫొటో, ఎక్కించుకోవచ్చో లేదో తెరమీద కనిపిస్తుంది. కొన్ని 135 కంపెనీలు ఇందులో చేరి, కొన్ని ఎయిర్‌లైన్లతో ఒప్పందాలు కూడా చేసుకున్నాయి. మీ కంపెనీ కాస్‌లో ఉందా, ఏ ఏ ఎయిర్‌లైన్లతో ఒప్పందం ఉంది, ఈ రెండూ ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందే అడగండి. "మావాళ్లు పోతుంటారు" అనే జవాబును లెక్కలోకి తీసుకోవద్దు. పార్ట్ 91 ఉద్యోగమైతే జంప్‌సీట్ లేదనే అనుకుని ఇల్లు చూసుకోండి.

కాస్‌లో ఉన్నా మన తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. దాంతో అమెరికా వీసా మీద నా పేరంతా ఇంటిపేరు చోటికి పోయి, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. పేరు తెలియదు అని దానర్థం. అమ్మానాన్నలు బారసాల చేసి పెట్టిన పేరు! పైలట్ సర్టిఫికెట్ మీద ఒక వరస, అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ రికార్డులో ఇంకో వరస. ఒక శుక్రవారం రాత్రి గేటు దగ్గర ఏజెంట్ నంబరు కొట్టింది, మళ్లీ కొట్టింది, తెర నావైపు తిప్పి చూపించింది. ఫొటో లేదు, అనుమతి లేదు. జంప్‌సీట్ ఖాళీగానే విమానం కదిలిపోయింది. నేను యూనిఫాం మీదే, బూట్లు తలకింద పెట్టుకుని కుర్చీల మీద పడుకున్నా. కాబట్టి చేరిన మొదటి వారంలోనే పాస్‌పోర్టు, పైలట్ సర్టిఫికెట్, మెడికల్ సర్టిఫికెట్, కంపెనీ కార్డు నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే అప్పుడే దిద్దించుకోండి.

తెరమీద అనుమతి వచ్చినా చివరి మాట కెప్టెన్‌దే. తలుపు దగ్గర నిలబడి కార్డులు చూపించి, "ఈ ఫ్లైట్‌లో రావచ్చా?" అని అడగాలి. సీటు నాదే అన్నట్టు బ్యాగు లోపల పెట్టేయకూడదు. ఎండాకాలం మధ్యాహ్నాల్లో బరువు లెక్క కుదరక ఒక్క మనిషిని కూడా దించేస్తారు. మొహం మాడ్చుకోకుండా దిగాలి. కూర్చున్నాక 10,000 అడుగులు దాటేదాకా పనికి సంబంధం లేని మాట వద్దు. 2023 అక్టోబర్‌లో జంప్‌సీట్‌లో కూర్చున్న ఒక పైలట్ గాల్లో ఉండగానే ఇంజన్లు ఆపే హ్యాండిళ్లు లాగబోయాడు. విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో దించారు. అప్పటినుంచి కొత్త మొహాన్ని కెప్టెన్ ఒక క్షణం ఎక్కువ చూస్తే తప్పుపట్టకండి. సిబ్బందికి చాక్లెట్లు ఇవ్వడం అక్కడ మర్యాద. అమ్మ పంపిన అరిసెలు మాత్రం ఇవ్వద్దు. సీలు లేని తిండి వాళ్లు తినరు, అరిసెలు దండగ.

దూరం నుంచి డ్యూటీకి రావడంలో అలసట ఉంది చూశారూ, దాన్ని తక్కువ అంచనా వేయొద్దు. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ అనే కంపెనీ విమానం కూలి 50 మంది పోయారు. వేగం తగ్గి విమానం గాల్లో నిలవలేదని చెప్పే స్టాల్ హెచ్చరికకు కెప్టెన్ తప్పుగా స్పందించడమే కారణమని తేల్చారు. కానీ కో-పైలట్ ఉండేది సియాటెల్‌లో, డ్యూటీ నెవార్క్‌లో. ముందురోజు రాత్రంతా మెంఫిస్ మీదుగా విమానాలు మారి వచ్చింది.

ప్రైవేట్ జెట్ వాళ్లకు దీనికి బదులుగా ఒక మంచి సౌకర్యం ఉంది, మనవాళ్లే అడగడం మరిచిపోతారు. చాలా కంపెనీలు మీ ఇంటికి దగ్గరి ఎయిర్‌పోర్టు నుంచి జెట్ ఉన్నచోటికి మామూలు టికెట్ కొనిస్తాయి. ఏ సీటు ఖాళీగా ఉంటుందా అని గేటు దగ్గర కాచుక్కూర్చునే పని లేదు. ఆ ప్రయాణాలకు ఎయిర్‌లైన్ ఇచ్చే మైళ్ల పాయింట్లు సాధారణంగా మీ ఖాతాలోనే పడతాయి. ఏ ఏ ఊళ్ల నుంచి టికెట్ ఇస్తారో జాబితా అడిగి, మీ ఊరు అందులో ఉంటే కాగితం మీద రాయించుకోండి. నా లెక్కలో ఇది జంప్‌సీట్ కంటే మేలు.

ఇండియాలో అయితే కాక్‌పిట్‌లోకి ఎవరినంటే వాళ్లను రానివ్వరు. దుబాయ్-ఢిల్లీ విమానంలో పైలట్ తన స్నేహితురాలిని కాక్‌పిట్‌లోకి రానిచ్చినందుకు 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల జరిమానా వేసింది, ఆ పైలట్ లైసెన్సు మూడు నెలలు ఆపేసింది. పెళ్లిళ్లలో "మమ్మల్ని ముందు సీట్లో తిప్పవా అబ్బయ్యా" అనే మామయ్యలకు ఈ కథ చెప్పండి.

సింగరాయకొండ కుర్రాడు అంతా విని కాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మా వీధి గేటు దాటకముందే ఫోన్ తీశాడు. "అక్కా, న్యూజెర్సీ టికెట్ ఇస్తారో లేదో కంపెనీని అడగాల. ఇవ్వం అన్నారంటే టెక్సాస్‌లోనే రూము చూసుకుంటా, నువ్వు పైగది ఇంకెవరికైనా ఇచ్చేయి."