యూకేలో కేర్ వర్కర్ నుంచి రిజిస్టర్డ్ నర్సుగా: ఎన్ఎంసీ దరఖాస్తు విధానం, సైఫ్ ఫారం దగ్గర వచ్చే చిక్కులు

2022 ఫిబ్రవరిలో యూకే ప్రభుత్వం కేర్ వర్కర్ ఉద్యోగాన్ని, అంటే వృద్ధులు, రోగుల బాగోగులు చూసే పనిని, హెల్త్ అండ్ కేర్ వీసా కిందికి తెచ్చింది. అప్పటినుంచి మన రెండు రాష్ట్రాల్లో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళు చాలామంది ఆ వీసా మీదే వెళ్ళారు. "ముందు కేర్ వర్కర్‌గా వెళ్ళమ్మా, అక్కడికి వెళ్ళాక నర్సు అయిపోవచ్చు" అని ఏజెంట్లు చెప్పారు, లక్షలు తీసుకున్నారు. నర్సు కావచ్చన్న మాట నిజమే. కాకపోతే ఎలా కావాలో ఆ ఏజెంట్లు చెప్పలేదు. వాళ్ళలో చాలామందికి తెలియదు కూడా. ఇప్పుడు అదే జనం "ఎన్ఎంసీ పిన్ (యూకే నర్సు రిజిస్ట్రేషన్ నంబరు) ఇప్పిస్తాం, ఐఈఎల్‌టీఎస్ అక్కర్లేదు" అంటూ రెండోసారి డబ్బు అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

2025 జులై 22 నుంచి బయటి దేశాల వాళ్ళను కేర్ వర్కర్ వీసా మీద తీసుకోవడం ఆపేశారు. ఇప్పటికే యూకేలో ఉన్నవాళ్ళు ఆ వీసాలోకి మారడానికి 2028 జులై దాకా వెసులుబాటు ఇచ్చారు. నర్సు ఉద్యోగానికి మాత్రం వీసా తలుపు మూసుకోలేదు. కాబట్టి నర్సింగ్ చదివి కేర్ హోమ్‌లో పనిచేస్తున్నవాళ్ళు ఈ పని వాయిదా వేయకపోవడం మంచిది.

ముందు చట్టం ప్రకారం మీ స్థానం ఏమిటో తెలియాలి. యూకేలో నర్సుల రిజిస్టర్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. దాన్నే అందరూ ఎన్ఎంసీ అంటారు. అందులో పేరు ఎక్కి, పిన్ నంబరు వచ్చేదాకా మీరు ఇండియాలో ఎన్నేళ్ళు ఐసీయూలో చేసినా అక్కడ రిజిస్టర్డ్ నర్సు కారు. ఆ హోదా చెప్పుకోవడం నేరం. కొన్ని హోముల్లో "నువ్వు నర్సువే కదా" అంటూ నర్సు తీసుకోవాల్సిన నిర్ణయాలు మన అమ్మాయిల మీద పెడుతుంటారు. శిక్షణ ఇచ్చి, సంతకం తీసుకుని అప్పగించిన పని చేయవచ్చు. దానికి మించినది అడిగితే "నాకు పిన్ లేదు" అని చెప్పేయండి. అలా చెబితే ఉద్యోగానికి ముప్పు వస్తుందని భయపడతారు, కానీ అసలు ముప్పు చెప్పకపోతేనే. ఏదైనా పొరపాటు జరిగితే తర్వాత మీ ఎన్ఎంసీ దరఖాస్తులో దాన్ని ప్రవర్తనకు సంబంధించిన ప్రశ్నగా చూస్తారు.

దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే. ఎన్ఎంసీ వెబ్‌సైట్‌లో మీ పేరున ఖాతా తెరిచి, చదువు వివరాలు ఇచ్చి, అర్హత పరిశీలన ఫీజు కట్టాలి. అది 140 పౌండ్లు. జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ రెండూ పనికొస్తాయి. ఏఎన్ఎం ఒక్కటే ఉన్నవాళ్ళకు ఈ దారి సరిపోదు. ఎవరైనా సరిపోతుందని చెబితే నమ్మకండి. పాస్‌పోర్టు, పోలీస్ క్లియరెన్స్, ఆరోగ్యం, ప్రవర్తన గురించిన డిక్లరేషన్లు, ఇవన్నీ వెబ్‌సైట్ ఒక్కొక్కటిగా అడుగుతుంది. వీటి దగ్గర పెద్ద ఇబ్బంది ఉండదు. ఖాతాకు మీ సొంత ఈమెయిల్, మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వండి. ఏజెంటు తన ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే మీ దరఖాస్తు అతని చేతిలో ఉన్నట్టే. డబ్బు పూర్తిగా కట్టేదాకా పాస్‌వర్డ్ ఇవ్వడు.

ఇండియా వైపు నుంచి రావాల్సిన కాగితం ఒకటుంది, రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్. మీరు రిజిస్టర్ అయిన నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నేరుగా ఎన్ఎంసీకే పంపాలి. మీ చేతికి ఇచ్చిన కవరు, మీరు స్కాన్ చేసి పెట్టిన కాపీ చెల్లవు. ఇక్కడ మనవాళ్ళు రెండు చోట్ల ఆగిపోతుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్టర్ అయినవాళ్ళకు తమ రికార్డు ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలంగాణ కౌన్సిల్ దగ్గర ఉందో, విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ దగ్గర ఉందో తెలియదు. ముందు అది రాతపూర్వకంగా కనుక్కోండి. రెన్యువల్ గడువు దాటి ఉంటే దాన్నీ అప్పుడే సరిచేసుకోండి.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఆ పొడి అక్షరం చివరకు వెళ్తుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో అత్తింటి పేరు చేరుతుంది. మనకు నలుగురూ ఒకరేనని తెలుసు. లండన్‌లో ఫైలు చూసే ఉద్యోగికి అలా కనిపించదు. దరఖాస్తు పెట్టకముందే పెళ్ళి సర్టిఫికెట్, పేరు మార్పు అఫిడవిట్ లాంటివి సిద్ధం చేసుకుని, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే అంతా నింపండి. కౌన్సిల్ వెరిఫికేషన్‌లో కూడా పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపించేలా అడగండి. ఊళ్ళో ఉన్న అమ్మో, తమ్ముడో ఆఫీసుకు వెళ్ళేటట్టయితే సంతకం చేసిన ఆథరైజేషన్ లెటర్, మీ ఐడీ కాపీ ఇచ్చి పంపండి. గేటు బయట "లోపల మనవాళ్ళున్నారు" అనేవాళ్ళ చేతికి అసలు సర్టిఫికెట్లు ఇవ్వవద్దు.

ఇక అసలు చిక్కు ఇంగ్లీషు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే.

పరీక్ష రాసి నిరూపించుకోవడం మామూలు దారి. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 కావాలి. ఆరోగ్య రంగం వాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో అయితే మొదటి మూడింట బి, రైటింగ్‌లో సి ప్లస్. 2023 ఫిబ్రవరి 8న ఎన్ఎంసీ రెండు సడలింపులు తెచ్చింది. 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులు కలుపుకోవచ్చు. కాకపోతే రెండింటిలోనూ ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ 6 కంటే, మిగతావి 6.5 కంటే తగ్గకూడదు. రెండో సడలింపే సైఫ్ ఫారం. మీ ఇంగ్లీషు గురించి మీ యజమాని ఇచ్చే సమాచారం అది.

సైఫ్ అందరికీ వర్తించదు. నర్సింగ్ కోర్సును ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే పరీక్షలు రాసినవాళ్ళకు, లేదా పరీక్షలో ఒక్క విభాగంలో మాత్రం అర మార్కు తేడాతో తప్పినవాళ్ళకు. దాంతోపాటు గత రెండేళ్ళలో కనీసం ఏడాది యూకేలో ఆరోగ్య లేదా కేర్ రంగంలో పనిచేసి ఉండాలి. మన కాలేజీల్లో నర్సింగ్ చదువు ఇంగ్లీషులోనే కాబట్టి మొదటి షరతు చాలామందికి సరిపోతుంది. కాలేజీ నుంచి ఆ మేరకు ధ్రువీకరణ రావాలి. కాలేజీ మూతపడిందనో, యాజమాన్యం మారిందనో అంటే యూనివర్సిటీని, బోర్డును సంప్రదించండి. ఎన్ఎంసీ ఈ నిబంధనలను మారుస్తుంటుంది. ఏడాది కిందట స్నేహితురాలు వాడిన ఫారం కాకుండా, మీరు దరఖాస్తు పెట్టే రోజు వెబ్‌సైట్‌లో ఉన్నదే తీసుకోండి.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఆ ఫారం మీద సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర అందరూ ఆగిపోతారు. నింపే మేనేజరు ఎన్ఎంసీ రిజిస్టర్‌లో ఉన్నవారై ఉండాలి. దానిమీద సంస్థలోనే ఇంకో సీనియర్ రిజిస్టర్డ్ వ్యక్తి కౌంటర్ సంతకం చేయాలి. నర్సింగ్ హోమ్‌లో (అక్కడ నర్సులు ఉండే కేర్ హోమ్‌ను అలా అంటారు), ఎన్‌హెచ్ఎస్ అనే ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు ఇది సమస్య కాదు. రెసిడెన్షియల్ కేర్ హోమ్‌లో, ఇళ్ళకు వెళ్ళి చేసే డోమిసిలరీ కేర్‌లో రిజిస్టర్డ్ నర్సే ఉండకపోవచ్చు. అక్కడి "రిజిస్టర్డ్ మేనేజర్" ఇంగ్లండ్‌లో కేర్ హోములను తనిఖీ చేసే కేర్ క్వాలిటీ కమిషన్ దగ్గర రిజిస్టర్ అయినవారు, ఎన్ఎంసీ దగ్గర కాదు. ఈ తేడా తెలియక ఏడాదంతా ఆ మేనేజరు సంతకం మీద ఆశ పెట్టుకుని, చివరికి తిరస్కరణ చూసినవాళ్ళున్నారు. కాబట్టి మొదటి నెలలోనే చూసుకోండి. ఎన్ఎంసీ వెబ్‌సైట్‌లో ఎవరి పేరైనా రిజిస్టర్‌లో ఉందో లేదో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు.

మీ హోమ్‌లో అలాంటివాళ్ళు లేకపోతే, అదే కంపెనీకి నర్సింగ్ హోమ్ ఉందేమో, అక్కడికి మార్చమని అడగవచ్చేమో చూడండి. కుదరకపోతే నా సలహా ఒక్కటే: సైఫ్ కోసం కూర్చోకుండా ఓఈటీకి చదవండి. ఓఈటీ ఆరోగ్య రంగం వాళ్ళకోసమే పెట్టిన పరీక్ష, రైటింగ్‌లో రోగి గురించి ఉత్తరం రాయమంటారు, రోజూ నోట్సు రాసే చేతికి అది కొత్త కాదు. అన్నిటికంటే ముఖ్యం, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఎవరి దయ మీదా ఆధారపడకుండా మీ చేతిలో ఉండే దారి అది.

సంతకం పెట్టేవాళ్ళు ఉన్నా ఫారం తేలికగా నింపేస్తే పని జరగదు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగింటికీ ఉదాహరణలు కావాలి. "ఈమె ఇంగ్లీషు చాలా బాగుంటుంది" అన్న ఒక్క వాక్యంతో ఏమీ తేలదు. "నైట్ షిఫ్టులో ఒక రెసిడెంట్ నీళ్ళు తాగడం తగ్గిందని గమనించి, 111కి (ఎన్‌హెచ్ఎస్ వైద్య సలహా నంబరు) ఫోన్ చేసి లక్షణాలు వరసగా చెప్పింది, వాళ్ళు చెప్పింది కేర్ నోట్సులో రాసింది, పొద్దున హ్యాండోవర్‌లో కుటుంబానికి ఏం చెప్పాలో కూడా వివరించింది" అని ఉంటే అందులో నాలుగు నైపుణ్యాలూ కనిపిస్తాయి. మేనేజర్లు పని ఒత్తిడిలో ఇవన్నీ గుర్తుపెట్టుకోలేరు. మీరే ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, ఏం జరిగింది, మీరేం చేశారు అని రాసి పెట్టుకుని అడిగే రోజున చూపించండి. రెసిడెంట్ల పేర్లు మాత్రం రాయవద్దు. ఫారం నింపే పని మేనేజరుదే. మీరు నింపి సంతకం పెట్టించుకోవడం ఇద్దరికీ ప్రమాదం. అనుమానం వస్తే ఎన్ఎంసీ యజమానికి నేరుగా ఫోన్ చేసి అడుగుతుంది.

డబ్బిస్తే సైఫ్ సంతకం తెస్తామనేవాళ్ళు ఉన్నారు. తప్పుడు ఫారం అని తేలితే దరఖాస్తు పోవడమే కాదు, సంతకం పెట్టినవారి పిన్‌కే ఎసరు వస్తుంది. పేరు ఎక్కాక తెలిసినా రిజిస్టర్ నుంచి తీసేస్తారు. 2023లో నైజీరియాలోని ఇబాదాన్‌లో ఒక పరీక్షా కేంద్రంలో మోసం బయటపడినప్పుడు ఆ కేంద్రంలో వచ్చిన సీబీటీ (ఎన్ఎంసీ కంప్యూటర్ పరీక్ష) ఫలితాలు ఏవీ చెల్లవన్నారు. నిజాయితీగా రాసినవాళ్ళూ మళ్ళీ రాయాల్సి వచ్చింది. ఎవరో చేసిన పనికి అంతమంది నష్టపోయారు, మీరు ఆ వరసలో నిలబడవద్దు.

ఇంగ్లీషు తర్వాత ఎన్ఎంసీ నైపుణ్య పరీక్ష ఉంటుంది, అందులో సీబీటీ, ఆస్కీ అని రెండు భాగాలు. సీబీటీ కంప్యూటర్ మీద రాయాలి, ఇండియాలోనూ రాయవచ్చు, ఫీజు 83 పౌండ్లు. లెక్కల భాగంలో 15 ప్రశ్నలు, నర్సింగ్ భాగంలో 100. మందు మోతాదు లెక్కలు సాధన చేస్తే భయం ఉండదు. ఆస్కీ చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష, యూకేలోనే: నార్తాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్, అల్‌స్టర్, నార్తంబ్రియా, లీడ్స్ కేంద్రాల్లో ఉంటుంది. పది స్టేషన్లు, ఒక్కోదాంట్లో ఒక్కో పని చేసి చూపించాలి. ఫీజు 794 పౌండ్లు, కొన్ని స్టేషన్లు మాత్రమే పోతే మళ్ళీ రాయడానికి అందులో సగం. మన వాళ్ళు చేతిపనిలో తప్పరు. రోగికి తన పేరు చెప్పడం, అనుమతి అడగడం, చేతులు కడగడం, చేస్తున్నది గట్టిగా చెప్పడం మరిచిపోయి తప్పుతారు. ఒకసారి తప్పితే అంతా పోయినట్టు కాదు, ఒక దరఖాస్తు కింద మూడు ప్రయత్నాలుంటాయి.

ఎన్ఎంసీకి, పరీక్షలకు, మీ కౌన్సిల్‌కు కట్టే ఫీజులు తప్ప ఈ దరఖాస్తు కోసం ఏ ఏజెంటుకూ కట్టాల్సింది లేదు. యూకేలో ఉద్యోగం వెతికిపెట్టినందుకు పనివాళ్ళ దగ్గర ఏజెన్సీ డబ్బు తీసుకోవడాన్ని 1973 నాటి ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీస్ చట్టమే నిషేధించింది. వీసా కోసం యజమాని ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఖర్చు మీ మీద రుద్దకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉంది. ఇండియాలో రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఏజెంటు రిజిస్టర్ అయినవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. ఇప్పటికే ఇచ్చేసినవాళ్ళు సిగ్గుపడి దాచుకోవద్దు, బ్యాంకు రసీదులు, వాట్సాప్ మెసేజీలు భద్రంగా ఉంచండి. కేర్ వర్కర్లు కూడా యూనిసన్ లాంటి యూనియన్‌లో చేరవచ్చు. ఉద్యోగ హక్కులపై ఏకాస్ అనే సంస్థ ఉచితంగా సలహా ఇస్తుంది.

ఆస్కీ పాసై, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాక రిజిస్టర్‌లో పేరు, పిన్ కనిపిస్తాయి. ఆ రోజే నర్సుగా డ్యూటీ ఎక్కేయకండి. మీ వీసా ఇంకా కేర్ వర్కర్ పని మీదే ఉంది. నర్సు పోస్టుకు కొత్త స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ తీసుకుని, వీసా అప్‌డేట్ దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే ఆ పని మొదలుపెట్టాలి. పాత యజమానే నర్సుగా తీసుకుంటానన్నా ఇదే వర్తిస్తుంది. వీసా సలహా కావాలంటే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయినవారినో, సొలిసిటర్నో అడగండి. కొత్త వీసా నిర్ణయం ఈమెయిల్‌లో వచ్చేదాకా పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.