రాతి చర్చి గోడలు: కనిపించే జబ్బు ఒకటి, కారణం ఇంకోటి

మెదక్ చర్చిలా గ్రానైటుతో కట్టిన గోడలో తడి కనబడగానే అందరూ రాయిని అనుమానిస్తారు. 1924లో ప్రారంభమైన ఆ చర్చి వయసు నూరేళ్లు దాటింది. అన్నేళ్లలో కూడా గ్రానైటు పెద్దగా నీళ్లు తాగదు. తడి లోపలికి పోయేదీ, బయటికొచ్చేదీ రాళ్ల మధ్య సున్నం కూరిన సందుల్లోంచే.

సందుల్లోంచి పొడి రాలుతోంది

గోటితో గీకి చూడండి. తెల్లగా పొడి రాలితే పాత సున్నం బలం అయిపోయిందన్నమాట. బూడిద రంగులో గట్టిగా ఉండి, రాయి పక్కన వెంట్రుకంత చీలిక ఉంటే అది ఎవరో పెట్టిన సిమెంటు. ఆ చీలికలోంచి వాన నీరు దూరుతుంది, తిరిగి ఆరడానికి దారి ఉండదు.

పాడైన దాన్ని ఉలితో, చిన్న సుత్తితో తీయాలి. గ్రైండర్ పెడితే రాయి అంచులు పోతాయి. సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీసి, దుమ్ము దులిపి, తడిపి, 1 పాలు సున్నానికి సుమారు 3 పాళ్ల జల్లించిన ఇసుక కలిపి కూరాలి. మేస్త్రీ తప్పకుండా అంటాడు: "రెండు గుప్పిళ్లు సిమెంటేద్దాం సార్, తొందరగా పట్టేస్తుంది." వద్దనండి. పూర్తయ్యాక తడి గోనెపట్టాలు కనీసం వారం కప్పి ఉంచండి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి.

గోడ మీద తెల్లటి పొర

తడితో వచ్చిన ఉప్పు. పొడి బ్రష్‌తో దులిపి, ఊడ్చి పారేయండి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. యాసిడ్ మాట ఎత్తొద్దు, సున్నాన్ని తినేస్తుంది.

తర్వాత నీటి దారి వెతకండి. నేను చూసిన ఓ పాత చర్చిలో కిటికీ కింద మరక పోవాలని మూడుసార్లు కెమికల్ పూశారు. తీరా చూస్తే పైన వాన గొట్టంలో పావురం గూడు!

రావి మొక్క

పీకకండి, వేళ్లతో పాటు రాళ్లు కదులుతాయి. కాండం కోసి, కోసిన చోట వెంటనే కలుపుమందు పూయండి. పూర్తిగా ఎండాకే సందు నింపండి.

తుప్పు మరకతో రాయి పగిలింది

లోపల ఇనుప పట్టీ ఉంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాయిని చీలుస్తుంది. దాన్ని తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించాలి.

మెట్లు మెట్లుగా పగులు

పునాది కదలిక కావచ్చు. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచేదాకా చూడండి. గీత దాటితే ఇంజనీరును పిలవండి, అప్పటిదాకా పూడ్చకండి.